మన్నళ్ళిలో తాళం వేసిన ఇళ్ళు

కొత్తగా సర్వే పనిలో చేరిన పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "మేడం, కుక్క కరిస్తే సెలవు ఇస్తారా?" ఇస్తారు. నాకు రెండుసార్లు ఇచ్చారు. అయితే ఈ పనిలో కుక్క పెద్ద శత్రువు కాదు. కుక్కకాటుకు సూదిమందు ఉంది. మనం పోయేసరికి తాళం వేసి ఉన్న తలుపు చేసే నష్టం మాత్రం చాలా రోజులకు గానీ బయటపడదు, ఒక్కోసారి అసలే బయటపడదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు సుగుణ. బీదర్‌లో పుట్టాను, బీదర్‌లోనే నౌకరి చేశాను, అక్కడే రిటైరయ్యాను. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో దక్కనీ, ఆదివారం చర్చిలో మళ్ళీ తెలుగు. ఇన్ని భాషలు వచ్చు కదా అని నన్ను ఇంటింటి సర్వేలకు వేశారు. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఏ పనికి పోతారు, పిల్లలు బడికి పోతున్నారా, ఇవన్నీ అడిగి రాసుకు రావడం నా పని. ముప్పై ఏళ్ళకు పైగా ఊరివాళ్ళ గడపల మీద కూర్చుని నేను తాగిన చాయ్ అంతా ఒకచోట పోస్తే మాంజ్రా నదికి వరద వస్తుంది.

తెలియనివాళ్ళకు ఒక్క మాట. ఊళ్ళో అన్ని ఇళ్ళూ మేము తిరగం. చీటీలు తీసినట్టుగా కొన్ని ఇళ్ళు ఎంపికై జాబితాలో వస్తాయి. ఆ కొన్ని ఇళ్ళ మాటే ఊరంతటి మాట అని ఆఫీసు నమ్ముతుంది. ఆ నమ్మకం నిలబెట్టడమే మన ఉద్యోగం. మిగిలిందంతా కాగితం పని, దాని గురించి నేను రాయను.

నూటికి నూరు

నా మొదటి ఆఫీసరు మంచి మనిషి. కోపం లేదు, లంచం లేదు, పండగ వస్తే అందరికీ మిఠాయి. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు నిండు కట్ట. ముప్పై ఇళ్ళ జాబితా ఇస్తే ముప్పై ఫారాలు నింపి, దారంతో కట్టి, ఆయన బల్ల మీద పెట్టాలి. ఖాళీ ఫారం చూస్తే అన్నం పెట్టని కంచం చూసినట్టు మొహం పెట్టేవాడు.

"సార్, ఆ ఇంటికి తాళం వేసి ఉంది" అంటే, "పక్కింటికి లేదు కదమ్మా?" అనేవాడు.

పక్కింటికి లేదు. పక్కింట్లో ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఉంటుంది, మాట్లాడే మనిషి దొరికితే చాలనుకుంటూ ఉంటుంది. నీళ్ళిస్తుంది, చాయ్ ఇస్తుంది, అడగని సంగతులు కూడా చెబుతుంది. తాళం వేసిన ఇంటి నంబరు మీదే ఆవిడ జవాబులు రాసేస్తే కట్ట నిండిపోతుంది. అలా నింపీ నింపీ నాకు ఆఫీసులో 'నూటికి నూరు సుగుణ' అని పేరొచ్చింది. ఆ పేరు వింటే నాకు ఎంత గర్వమో! ఆరోజుల్లో నన్ను ఎవరైనా ఫొటో తీసి ఉంటే, నా చంకలోని కట్ట కూడా నవ్వుతూ కనబడేది.

ఒకసారి ఔరాద్‌లో సంత నాడు సర్వేకు పోయాను. వీధి వీధంతా తాళాలే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఈ ఊరివాళ్ళకు బాధ్యత లేదు" అని తిట్టుకుంటూ, తలుపు తీసి ఉన్న ఇళ్ళలో ముసలివాళ్ళను అడిగి కట్ట నింపుకొచ్చాను. ఆ ఫారాల ప్రకారం ఔరాద్‌లో అరవై ఏళ్ళ లోపు మనుషులు చాలా తక్కువ. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. నిండు కట్ట కదా, దారం కూడా విప్పలేదు.

కలుపు తీసిన దేవుళ్ళు

తర్వాత ధార్వాడ వైపు నుంచి వీణా మేడం వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద కళ్ళజోడు. ఆమె వచ్చిన కొద్ది నెలలకు మాకు ఒక సర్వే అప్పగించారు. కూలికి పోయే తల్లుల కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు కొన్ని ఊళ్ళలో తెరవాలని పైవాళ్ళ ఆలోచన. ఏ ఊళ్ళో అవసరమో మా సర్వే చెప్పాలి. అవసరం లేదని తేలిన ఊరికి కేంద్రం రాదు. నాకు పడిన ఊరు బీదర్ తాలూకాలోని మన్నళ్ళి.

శ్రావణం ముందర, సోయా చేలల్లో కలుపు తీసే రోజులు. పదకొండు గంటల బస్సుకు దిగి, నాలుగు గంటల బస్సుకు తిరిగొచ్చాను. రెండు రోజుల్లో ముప్పై ఫారాలు. కట్టకు దారం కట్టి, మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

వీణా మేడం దారం విప్పింది. నా నౌకరిలో మొదటిసారి ఒక ఆఫీసరు నా కట్టకు దారం విప్పడం చూశాను. ఒక్కొక్క ఫారమే తిరగేసింది. ఆమె మాట్లాడింది కన్నడంలోనే, నేను తెలుగులో చెబుతున్నాను.

"సుగుణమ్మా, ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కరిద్దరు తప్ప ఎవరూ కూలికి పోరా?"

"పోరట మేడం. ఇంట్లోనే ఉంటారట. పిల్లల్ని వాళ్ళే చూసుకుంటారు, కేంద్రం అక్కర్లేదన్నారు."

"మరి మన్నళ్ళిలో సోయా కలుపు ఎవరు తీస్తున్నారు? దేవుళ్ళు దిగొచ్చి తీస్తున్నారా?"

పక్క బల్ల దగ్గర గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు మేడం గొంతు తగ్గించి తన ధార్వాడ యాసలో ఒక మాట అంది, అది ఇప్పటికీ నా చెవిలో ఉంది. "సిక్కవర్న బిడ్రీ. సిగదవర్ యారు, హేళ్రీ." దొరికినవాళ్ళను వదిలెయ్, దొరకనివాళ్ళు ఎవరో చెప్పు.

నా సొంత నోటుబుక్కులో తాళం ఉన్న ఇళ్ళ పక్కన చిన్న గుర్తు పెట్టుకునే అలవాటు ఉండేది. తీసి లెక్కపెట్టాను. ముప్పైలో పదమూడు. ఆ పదమూడు నంబర్ల మీదా పక్కిళ్ళవాళ్ళ జవాబులే ఉన్నాయి. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక తలపట్టుకునేది పనికి పోయే తల్లులు. నేను అడిగిందేమో పనికి పోకుండా ఇంట్లో ఉన్నవాళ్ళను. అవసరం ఉన్నవాళ్ళను వదిలేసి అవసరం లేనివాళ్ళను "మీకు అవసరమా?" అని అడిగి, "వద్దు" అని రాసుకొచ్చాను. పచ్చి అబద్ధం, అదీ నా చేతిరాతలో.

నోటుబుక్కు మేడం ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. మెమో ఇస్తుందనుకున్నాను. ఆమె క్యాలెండరు చూసి, "జిల్లా మీటింగు శుక్రవారం. ఇవాళ సోమవారం. ఏ బస్సు ఎక్కుతావు?" అంది.

ఈరమ్మవ్వ నడుము

మంగళవారం మళ్ళీ మన్నళ్ళిలో దిగాను. మళ్ళీ తాళాలే. ఒక ఇంటి అరుగు మీద ఈరమ్మవ్వ అనే ముసలామె కూర్చుని ఉంది. ముందుసారి నాకు నాలుగు ఫారాలు 'నింపిపెట్టిన' మహాతల్లి ఆమే. నడుముకు ఇంత తాళపుచెవుల గుత్తి వేలాడుతోంది. మొదటిసారి వచ్చినప్పుడు చూశాను గానీ, ఏదో షావుకారు ఇల్లేమో అనుకున్నాను.

"అవ్వా, ఇన్ని తాళాలు నీవేనా?"

"నాకు ఏడియి బిడ్డా? నా ఇంటికి తలుపే సక్కగ పడదు. ఇవన్ని ఈ గల్లీ వోళ్ళయి. పనికి పోయేటప్పుడు నాకిచ్చి పోతరు."

"మరి మొన్న చెప్పలేదేం?"

"నువ్వు అడిగినవా? మీకు గ్యాస్ ఉన్నదా, మీకు టీవీ ఉన్నదా అని అడిగినవు. ఉన్నదని చెప్పిన."

ఇక ఆ పొద్దంతా ఆమె వెంట తిరిగాను. తాళం చూసి మనిషి సంగతి చెప్పడం ఆమె దగ్గర నేర్చుకున్నదే, ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. "గొళ్ళానికి ఉత్త తాళం ఏలాడుతున్నదా, చేనుకు పోయిండ్రు, పొద్దుమీకి వస్తరు. తాళానికి గుడ్డ సుట్టి కట్టిండ్రా, వానకు తుప్పు పట్టొద్దని, అంటే హైదరాబాద్ పోయిండ్రు మేస్త్రీ పనికి, పండుగ దాక రారు. తాళం లేదు, తలుపుకు కంప అడ్డం పెట్టిండ్రా, ఈడనే బోరు కాడికి నీళ్ళకు పోయిండ్రు, జర కూసో."

నా పదమూడు ఇళ్ళూ తిరిగి చూశాను. మూడింటికి గుడ్డ చుట్టిన తాళాలు. పదింటికి ఉత్త తాళాలు. పదకొండు గంటల బస్సుకు వచ్చి నాలుగింటి బస్సుకు పోయే నాకు ఆ పది ఇళ్ళవాళ్ళు ఈ జన్మలో దొరకరు.

నేను పీకిన సోయా

బుధవారం తెల్లారుతూనే మా ఆయన గొణుక్కుంటూ స్కూటరు మీద మన్నళ్ళి అడ్డరోడ్డు దగ్గర దింపాడు. కూలి ఆడవాళ్ళు సద్దిమూటలతో ట్రాలీ ఆటో కోసం నిలబడి ఉన్నారు. నేను ఫారం తీయగానే ఒకామె ఎగాదిగా చూసింది. పేరు నర్సమ్మ. పదమూడు ఇళ్ళలో ఒకటి ఆమెదే.

"మూడు దినాల సంది మా గల్లీల తిరుగుతున్న మేడం నువ్వేనా?"

"నేనే. మీ ఇంటికి మూడుసార్లు వచ్చాను."

"నువ్వొచ్చినప్పుడు మేం ఉండం, మేం ఉన్నప్పుడు నువ్వు రావు. ఇగ ఈ సర్వే ఎవరిదక్కా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను, నిజమే కదా. ఆటో వచ్చింది. "అడిగేదుంటే ఎక్కు, చేన్ల అడుగు" అంది నర్సమ్మ. ఎక్కాను.

చేను దగ్గర కూలీల మేస్త్రీ ఒప్పుకోలేదు. మాటల్లో పడితే పని నడవదన్నాడు. నర్సమ్మ కొంగు బిగించి, "నువ్వు గూడ ఒక సాలు పట్టుకో అక్కా. చేతులు ఆడితే నోరు ఆడినా ఎవరేమనరు" అని కలుపు తీసే ఖుర్పీ నా చేతికిచ్చింది. ఫారం నడుముకు దోపుకుని, ఒక వరుస పట్టుకుని వంగాను. రెండు మొక్కలు పీకి ఒక ప్రశ్న, రెండు మొక్కలు పీకి ఒక ప్రశ్న. పని బాగానే సాగుతోందని నేననుకుంటున్నాను. నాలుగో ప్రశ్న దగ్గర నర్సమ్మ వెనక్కి తిరిగి చూసి కెవ్వుమంది.

"ఓ యక్కో! గడ్డి ఉంచి పంట పీకుతున్నవు! అది సోయ!"

చేనంతా నవ్వే. మేస్త్రీ కూడా నవ్వాడు, ఆ తర్వాత నన్ను గట్టు మీద కూర్చోమని బతిమాలాడు. నేను గట్టు మీద కూర్చుంటే, ఒక్కొక్కరే నీళ్ళు తాగే నెపంతో నా దగ్గరికొచ్చి జవాబులు చెప్పి పోయారు. నా నౌకరి మొత్తంలో అంత సంతోషంగా నింపిన ఫారాలు లేవు. ఆ చేను ఆసామికి ఆరేడు సోయా మొక్కల బాకీ ఉన్నానంతే.

గట్టు మీద వేపచెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి ఉంది. అందులో నర్సమ్మ చంటోడు. ఊపుతున్నది నర్సమ్మ పెద్దకూతురు రేణుక, తొమ్మిదేళ్ళది. నేను వాళ్ళమ్మ ఫారం రాస్తుంటే ఆ పిల్ల మెడ చాచి చూస్తోంది.

"నా పేరు గూడ రాస్తవా మేడం?"

"రాస్తాను. రేణుక, తొమ్మిదేళ్ళు."

"బడికి పోతున్న అని రాయి."

చేనులోంచే నర్సమ్మ అరిచింది. "అబద్ధం ఆడకే! ఏడాది సంది పోతలేవు గద. పోరని ఎవరు చూడాలె?" ఆ మాట అని తల దించుకుని గబగబా కలుపు పీకడం మొదలుపెట్టింది.

రేణుక ఉయ్యాల ఊపడం ఆపి నా పెన్ను వైపే చూస్తోంది. పక్కిళ్ళ జవాబులు రాసిన చేతికి ఒక చిన్న అబద్ధం పెద్ద కష్టం కాదు. కానీ ఆ అబద్ధం ఆ పిల్లకే దెబ్బ.

"బడికి పోతలేదు అని రాస్తేనే మంచిది బిడ్డా. అట్ల రాస్తేనే నిన్ను బడికి పంపే ఉపాయం దొరుకుతుంది" అన్నాను.

"మరి పోయినంక మల్ల వచ్చి రాస్తవా?"

"వస్తాను" అన్నాను. ఆ క్షణంలో భయమేసింది. శుక్రవారం మీటింగులో ఏమవుతుందో నాకే తెలియదు.

రెండు కట్టలు

గురువారం సాయంత్రానికి పది ఇళ్ళూ దొరికాయి. గుడ్డ చుట్టిన మూడిళ్ళ ఫోన్ నంబర్లు ఈరమ్మవ్వ ఇప్పించింది. ఇద్దరు మాట్లాడారు. మూడోవాళ్ళు ఎత్తలేదు. ఆ ఫారం మీద 'దొరకలేదు' అని రాశాను. నా జీవితంలో నేను రాసిన మొదటి 'దొరకలేదు' అదే. రాశాక ఒళ్ళు తేలికైంది.

వీణా మేడం ఫారాలన్నిటినీ ఒకే కట్టగా కట్టనివ్వలేదు. మొదటిసారి పోగానే దొరికిన పదిహేడు ఒక పక్క, తిరగ్గా తిరగ్గా దొరికినవి ఇంకో పక్క పెట్టమంది. "ఈ రెండు కట్టలూ ఒకే మాట చెబితే మన అదృష్టం, తాళాల వల్ల పెద్ద నష్టం లేదు. వేరే మాట చెబితే, ఎంత తేడానో అంత మోసం మొదటి కట్టలో ఉన్నట్టు" అంది. మొదటి కట్టలో కేంద్రం కావాలన్న ఇల్లు ఒక్కటంటే ఒక్కటి. రెండో కట్టలో చంటిపిల్లలున్న ప్రతి ఇల్లూ కావాలంది.

ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఇప్పుడు మీ చేతుల్లో ట్యాబులున్నాయి, ఎన్నోసారి పోతే ఇల్లు దొరికిందో అదే రాసుకుంటుంది. రాసుకుంటే చాలదు, విడదీసి చూడాలి. కష్టపడితే దొరికినవాళ్ళను చూస్తే, అసలు దొరకనివాళ్ళు ఎలా ఉంటారో కొంత ఊహించొచ్చు. కొంతే. హైదరాబాద్ పోయిన ఇల్లు, చేనుకు పోయిన ఇల్లు ఒకటి కాదు. అందుకే ఊహించినదాన్ని ఊహ అనే రాయాలి. దొరకని ఇంటిని దొరికిన ఇంటితో పూడ్చడం మాత్రం తప్పు, అది ఎంత మంచి ఆఫీసరు చెప్పినా సరే.

కష్టజీవులు మాత్రమే దొరకరనుకోకండి. బీదర్‌లో పెద్ద గేట్ల ఇళ్ళవాళ్ళు ఇంట్లో ఉండి కూడా దొరకరు. ఒక బంగళావారు కిటికీలోంచే "ఎవరూ లేరు" అని చెప్పారు. ఎవరు చెప్పారని అడిగితే కర్టెన్ వేసేశారు. అలాంటి చోట అధికారం చూపిస్తే పని చెడుతుంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ, మంచి చీరలో, ఫారం సంచిలో పెట్టుకుని పోయేదాన్ని. లోపలికి రానిచ్చేవారు. ఎవరికి ఏ వేళ వీలో ఆ వేళకు పోవడం, మాట్లాడనని అన్నవాళ్ళను ఎందుకు మాట్లాడనంటున్నారో అడగడం, అంతకు మించిన విద్య ఇందులో లేదు. మిగిలిందల్లా కాళ్ళ నొప్పులే.

శుక్రవారం మీటింగులో వీణా మేడం లేచి, "మా మొదటి రిపోర్టు తప్పు" అని మొదలుపెట్టింది. నా పేరు చెప్పలేదు. ఒక పెద్దాయన, "అయితే ముందు నూటికి నూరు వచ్చింది, ఇప్పుడు ఒకటి తగ్గిందా?" అని వెక్కిరించాడు. "అవును సార్, ఒకటి తగ్గింది గనకే ఇది నమ్మండి" అంది ఆమె. వెనక కుర్చీలో నేను చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. మన్నళ్ళి పేరు జాబితాలోకి ఎక్కింది.

తాళాల వీధి

కేంద్రం తెరిచిన మరుసటి ఏడాది ఇంకేదో సర్వేకు మళ్ళీ మన్నళ్ళి పోయాను. పదకొండు గంటల వేళకు ఆ వీధిలో నిలబడితే ముందుకంటే ఎక్కువ తాళాలు. ఇంట్లో ఉండేవాళ్ళు కూడా పనికి పోతున్నారన్నమాట. తాళాలు చూసి అంత ఆనందపడిన సర్వే మనిషి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కేంద్రం తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. లోపల గోడకు వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో చంటిబిడ్డ సంచి, దాని పక్కనే ఆ ఇంటి తాళపుచెవి. మధ్యలో ఈరమ్మవ్వ కూర్చుని ఒకడికి గంజి తాగిస్తోంది. నడుము ఖాళీ.

"గుత్తి ఏమైంది అవ్వా?"

"బరువు దిగింది బిడ్డా. పోరగాళ్ళను ఇచ్చేకాడనే తాళం గూడ ఇచ్చి పోతుండ్రు. ఎవరు యాడ ఉన్నరో గోడ చూడు, చెప్తది."

సాయంత్రం ఆటో దిగిన నర్సమ్మ నన్ను చూసి దూరం నుంచే చేతులు జోడించింది. "వచ్చినవా అక్కా? కలుపుకు మాత్రం రాకు, ఈసారి పంట మంచిగున్నది." కౌగిలించుకుంటే ఆమె చీర నిండా మట్టి వాసన.

అంతలో బడి నుంచి రేణుక వచ్చింది. భుజాన సంచి, ఒక జడ ఊడిపోయి, మోకాలికి గీరుడు. నన్ను గుర్తుపట్టి ఆగింది. మాట తప్పారేమో చూసేవాళ్ళలా నా చేతిలోని కట్ట వైపు చూసింది.

"ఇప్పుడు రాయి మేడం" అంది.

కానీ ఆసారి చీటీల్లో వాళ్ళ ఇల్లు రాలేదు. జాబితాలో లేని ఇంటిని రాయకూడదు. ఆ నియమం నేను ఎంత కష్టపడి నేర్చుకున్నానో మీకు తెలుసు. కట్ట పక్కన పెట్టి, నా సొంత నోటుబుక్కు తీసి, చివరి పేజీలో ఆ పిల్ల చూస్తుండగా రాశాను. రేణుక, పదకొండేళ్ళు, బడికి పోతోంది.

ఆఫీసు కట్టలన్నీ ఆఫీసులోనే ఉండిపోయాయి. ఆ నోటుబుక్కు మాత్రం నేను ఇంటికి తెచ్చుకున్నాను.